స్టెరాయిడ్ పడని కిడ్నీ రోగికి వైద్యం లేదా?

కాళ్లు, ముఖం వాచి, మూత్రంలో నురగ పోతోందని పెద్దాసుపత్రికి వెళ్లినవాళ్లకు డాక్టర్లు చాలాసార్లు ముందుగా రాసే మందు ప్రెడ్నిసొలోన్. వైసొలోన్, ఓమ్నకార్టిల్ లాంటి పేర్లతో మందుల షాపుల్లో దొరికే స్టెరాయిడ్ మాత్ర ఇదే. కొందరికి ఈ మాత్ర మొదలుపెట్టక ముందే, మరికొందరికి వాడిన కొన్ని నెలలకు, 'మీకు స్టెరాయిడ్ పడదు' అని చెబుతారు. టీబీ ఉందనో, షుగర్ అదుపు తప్పిందనో, తుంటి ఎముక దెబ్బతిందనో కారణం చెబుతారు. వందమంది వరసలో ఉన్న ఓపీలో ఆ తర్వాత ఏం చేయాలో వివరించే తీరిక ఎవరికీ ఉండదు. రోగి చీటీ పట్టుకుని ఊరికి వచ్చేస్తాడు. ఇంట్లోవాళ్లు ఆ మాటను 'ఇక వైద్యం లేదు' అని అర్థం చేసుకుంటారు. అక్కడి నుంచి నాటు మందులు, ఆకు పసర్లు, అప్పులు. రెండు మూడేళ్లకు డయాలసిస్ మంచం.

నిజానికి స్టెరాయిడ్ పడని కిడ్నీ రోగికి ఇవాళ చాలా దారులున్నాయి. వాటిలో ఎక్కువ మందులు మన దేశంలోనే తయారవుతున్నాయి, కొన్ని మన హైదరాబాద్‌లోనే. అయితే ప్రతి దారికీ ముందు ఒక పరీక్ష ఉంటుంది, వెనుక నెలనెలా పర్యవేక్షణ ఉంటుంది. మన వాడల మనుషులకు అందకుండా పోతున్నది ఎక్కువగా ఆ రెండే. ప్రజారోగ్యం మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిగా ఆ దారులేమిటో, అవి ఎక్కడ మూసుకుపోతున్నాయో కార్యకర్తలకు, విద్యార్థులకు పనికొచ్చేలా చెప్పాలన్నది నా ప్రయత్నం.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఇది చదివి ఎవరూ స్టెరాయిడ్‌ను ఉన్నపళంగా ఆపొద్దు. కొన్ని వారాలు వాడిన తర్వాత ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ తగ్గిపోయి ఉంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డోసు తగ్గించడం డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే జరగాలి.

స్టెరాయిడ్ ఏ కిడ్నీ జబ్బుకు?

కిడ్నీ జబ్బు అంటే ఒక్కటే జబ్బు కాదు. షుగర్ వల్ల, బీపీ వల్ల, రాళ్ల వల్ల కిడ్నీలు దెబ్బతింటే స్టెరాయిడ్‌తో పని లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేలాది కుటుంబాలను కుంగదీసిన కిడ్నీ జబ్బు కూడా అలాంటిదే. అది కిడ్నీలోని సన్నని గొట్టాలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని నెమ్మదిగా తినేస్తుంది. దానికీ స్టెరాయిడ్ వైద్యం లేదు. కాబట్టి కిడ్నీ రోగుల్లో ఎక్కువమందికి ఈ మందు అసలు అవసరమే రాదు.

అవసరమయ్యేది కిడ్నీలోని జల్లెడల జబ్బులకు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలుంటాయి. వాటిని గ్లోమెరులస్‌లు అంటారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే వాటి మీద దాడి చేస్తే జల్లెడకు చిల్లులు పడి రక్తంలోని ప్రొటీన్ మూత్రంలోకి కారిపోతుంది. మూత్రంలో నురగ, ఒళ్లంతా నీరు పట్టడం అందుకే. దీన్నే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. ఇందులోనూ రకాలున్నాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే మినిమల్ చేంజ్ జబ్బు, జల్లెడలు మచ్చగట్టే ఎఫ్‌ఎస్‌జీఎస్, పెద్దవాళ్లలో వచ్చే మెంబ్రేనస్ నెఫ్రోపతీ ముఖ్యమైనవి. ఇవి కాక ఐజీఏ నెఫ్రోపతీ, ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే లూపస్ కూడా జల్లెడలనే దెబ్బతీస్తాయి. స్టెరాయిడ్ ఆ దాడిని అణచివేస్తుంది. చవకైనది, త్వరగా పనిచేస్తుంది, ఎక్కడైనా దొరుకుతుంది. అందుకే ముందుగా దాని పేరే రాస్తారు.

'పడదు' అంటే నాలుగు అర్థాలు

ఈ చిన్న మాటలో నాలుగు వేర్వేరు పరిస్థితులు ఇమిడి ఉన్నాయి. రోగి ఏ పరిస్థితిలో ఉన్నాడో తెలియకుండా తర్వాతి దారి తెలియదు.

మొదటిది, ఇవ్వడమే ప్రమాదమైన పరిస్థితి. అదుపులో లేని షుగర్, టీబీ, హెపటైటిస్-బి, మానని కడుపు పుండు, తీవ్రమైన మానసిక రుగ్మత, బాగా గుల్లబారిన ఎముకలు ఉన్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. రెండోది, ఇచ్చాక దుష్ఫలితాలు భరించలేని పరిస్థితి. తుంటి ఎముకకు రక్తం అందక అది చచ్చుపడటం, కంటిలో శుక్లాలు, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం లాంటివి. మూడోది, మందు పనిచేస్తుంది కానీ డోసు తగ్గించగానే జబ్బు తిరగబెడుతుంది. దీన్ని స్టెరాయిడ్ మీద ఆధారపడటం అంటారు. నాలుగోది, తగినన్ని వారాలు ఇచ్చినా మందు పనిచేయని పరిస్థితి. పిల్లల్లో ఇలాంటి కొన్ని కేసులకు జన్యు లోపం కారణం. వాళ్లకు డోసు పెంచితే దుష్ఫలితాలు తప్ప లాభం ఉండదు.

చీటీ మీద ఈ నాలుగింటిలో ఏదో రాయించుకోవడం రోగి హక్కు. ఊరికే 'స్టెరాయిడ్ ఆపబడింది' అని ఉంటే తర్వాత చూసే డాక్టర్‌కు ఏమీ అర్థం కాదు.

వాడల్లో స్టెరాయిడ్ ప్రమాదం ఎందుకు ఎక్కువ?

పాఠ్యపుస్తకంలో దుష్ఫలితాల జాబితా అందరికీ ఒకటే. బతుకులు మాత్రం ఒకటి కాదు.

టీబీ సంగతి చూద్దాం. 2019-21 జాతీయ టీబీ సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటిన ప్రతి లక్ష మందిలో 316 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉంది. టీబీ ఇరుకు గదుల్లో, కట్టెల పొగలో, అర్ధాకలితో ఉండేవాళ్లను వెతుక్కుంటూ వస్తుంది. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లకు మంచి రేషన్ ఇచ్చి చూసిన 'రేషన్స్' పరిశోధన ఫలితాలు 2023లో లాన్సెట్‌లో వచ్చాయి. తిండి అందిన ఇళ్లలో మిగతావాళ్లకు కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఊరికి దూరంగా, ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో పెరిగిన మనిషి ఒంట్లో టీబీ క్రిమి నిద్రాణంగా ఉండే అవకాశం ఎక్కువ. రోజుకు 15 మిల్లీగ్రాములో అంతకు మించో ప్రెడ్నిసొలోన్ నెల దాటి వాడితే అది నిద్ర లేచే ప్రమాదం పెరుగుతుంది. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు పెద్దవాళ్లకు ఇచ్చే డోసు 60 నుంచి 80 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు.

రెండోది, పెద్దగా ఎవరూ మాట్లాడని నులిపురుగు. పేరు స్ట్రాంగిలాయిడ్స్. చెప్పుల్లేని కాళ్లతో బురదలో, మలం కలిసిన మట్టిలో పనిచేసేవాళ్ల చర్మం గుండా లోపలికి పోతుంది. ఏళ్ల తరబడి పేగుల్లో చప్పుడు చేయకుండా ఉంటుంది. స్టెరాయిడ్ పడగానే విపరీతంగా పెరిగి ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి పాకి ప్రాణం తీయగలదు. ముందుగా ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇస్తే ఆగిపోయే ప్రమాదం ఇది. వరినాట్లు వేసే ఆడవాళ్లను, మురికి కాల్వలు తీసే పారిశుధ్య కార్మికులను ఈ సంగతి అడిగి తెలుసుకున్నాకే స్టెరాయిడ్ రాయాలి.

మూడోది, స్టెరాయిడ్ అప్పటికే ఒంట్లోకి వెళ్లిపోయి ఉండటం. పీహెచ్‌సీలో డాక్టర్ లేని ఊళ్లో ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ వేసే సూదిలో చాలాసార్లు డెక్సామెథసోనో, బీటామెథసోనో ఉంటుంది. దాంతోపాటు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు. ఆ నొప్పి మందులే కొందరిలో కిడ్నీ జబ్బు తెచ్చిపెడతాయి. ఎండలో పని, నీళ్లు తాగే తీరిక లేకపోవడం, సాయంత్రానికి నొప్పి మాత్ర: కూలి పని నుంచి కిడ్నీ దాకా దారి ఇలాగే పడుతుంది.

స్టెరాయిడ్ ఎంత ప్రమాదమో పరిశోధనల్లోనూ బయటపడింది. ఐజీఏ నెఫ్రోపతీ రోగుల మీద చైనా, ఇండియా, మలేషియా, ఆస్ట్రేలియా, కెనడాల్లో జరిగిన 'టెస్టింగ్' అనే ట్రయల్‌లో పూర్తి డోసు స్టెరాయిడ్ తీసుకున్న నూరుమందిలో దాదాపు 15 మందికి తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయి. డమ్మీ మాత్ర తీసుకున్నవాళ్లలో అది 3 మాత్రమే. ఎక్కువ భాగం ఇన్‌ఫెక్షన్లే. కొన్ని మరణాలు కూడా సంభవించడంతో ఆ డోసు ఆపేశారు. తర్వాత డోసు దాదాపు సగానికి తగ్గించి, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రాకుండా ముందుగానే కోట్రైమాక్సజోల్ మాత్ర జోడించి ట్రయల్ కొనసాగించారు. తీవ్రమైన దుష్ఫలితాలు తగ్గాయి, కిడ్నీలకు మేలూ జరిగింది. తగ్గిన డోసు, ముందుజాగ్రత్త మాత్ర, దగ్గరి పర్యవేక్షణ: ఈ మూడూ మన జిల్లా ఆసుపత్రిలో రోగికి దొరుకుతున్నాయా అన్నదే ప్రశ్న.

ముందు కారణం తెలియాలి

స్టెరాయిడ్ లేకుండా వైద్యం చేయాలంటే జబ్బు పేరు కచ్చితంగా తెలియాలి. పెద్దవాళ్లలో దానికి కిడ్నీ బయాప్సీ కావాలి. మన జనం 'ముక్క పరీక్ష' అంటారు. సన్నని సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచుతారు. కిడ్నీ తీసేస్తారేమో, ఉన్న కిడ్నీ పాడవుతుందేమో అన్న భయంతో చాలామంది ఒప్పుకోరు. ఆ భయాన్ని విడమరిచి తీర్చేవాళ్లు కావాలి.

కారణం తెలిస్తే కొన్నిసార్లు రోగనిరోధక శక్తిని అణిచే మందు ఏదీ అవసరమే ఉండదు. మూడు ఉదాహరణలు చూడండి.

కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ వరకు తమ దగ్గరికొచ్చిన 22 మెంబ్రేనస్ నెఫ్రోపతీ కేసులను పరిశీలించారు. అందులో 15 మందిలో నెల్-1 అనే అరుదైన రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడటానికి క్రీములు వాడుతున్నట్టు తేలింది. అలాంటి క్రీముల్లోని పాదరసం చర్మం గుండా లోపలికి వెళ్లి కిడ్నీ జల్లెడలను దెబ్బతీసింది. క్రీము ఆపేశాక ఎక్కువమంది కోలుకున్నారు. పాదరసం కలిసిన కొన్ని నాటు మందుల వల్ల ఇదే జబ్బు వస్తోందని వెల్లూరు సీఎంసీ డాక్టర్లు కూడా నమోదు చేశారు. నలుపును చిన్నచూపు చూసే కుల సమాజం మన ఆడపిల్లల చేతిలో ఆ క్రీము పెట్టింది. వాళ్లకు కావలసిన మొదటి వైద్యం ఆ డబ్బా అవతల పారేయడం. 'ముఖానికి ఏం రాస్తున్నావమ్మా?' అని అడగకుండా స్టెరాయిడ్ రాస్తే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే.

రెండో ఉదాహరణ టీబీనే. ఏళ్ల తరబడి సరిగా నయంకాని టీబీ వల్ల అమిలాయిడ్ అనే పదార్థం కిడ్నీలో పేరుకుంటుంది. రోగికి కాళ్ల వాపు, మూత్రంలో ప్రొటీన్ అచ్చం నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లాగే ఉంటాయి. స్టెరాయిడ్ దీనికి పనిచేయదు, పైగా టీబీని ఎగదోస్తుంది. ఇక్కడ చేయాల్సింది టీబీ మందులు పూర్తిగా వాడించడం. మూడోది హెపటైటిస్-బి వల్ల వచ్చే కిడ్నీ జబ్బు. దానికి ఎంటెకవిర్, టెనోఫోవిర్ లాంటి వైరస్ మందులే అసలు వైద్యం.

బయాప్సీ అన్నిచోట్లా లేకపోయినా ఒక వెసులుబాటు ఉంది. మెంబ్రేనస్ నెఫ్రోపతీలో పీఎల్‌ఏ2ఆర్ యాంటీబాడీ అనే రక్తపరీక్ష పాజిటివ్ వస్తే, కిడ్నీ పనితీరు బాగుంటే, చాలామందికి బయాప్సీ లేకుండానే జబ్బును నిర్ధారించవచ్చు.

స్టెరాయిడ్ లేని దారులు

పునాది వైద్యం అందరికీ ఒకటే, చవకైనదే. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ కోవలోని బీపీ మాత్రలు జల్లెడ మీద ఒత్తిడి తగ్గించి ప్రొటీన్ కారడాన్ని తగ్గిస్తాయి. బీపీ మరీ ఎక్కువ లేకపోయినా ఇస్తారు. మొదలుపెట్టాక ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. గర్భిణులకు ఇవి ఇవ్వకూడదు. వాపుకు లాసిక్స్ లాంటి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఇస్తారు. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర షుగర్ లేని కిడ్నీ రోగులకూ మేలు చేస్తుందని 2020లో 4,304 మంది మీద జరిగిన డాపా-సీకేడీ ట్రయల్ చూపింది. అదే ఏడాది మన దేశంలో దాని పేటెంట్ ముగిసి, దేశీయ కంపెనీల చవక మాత్రలు వచ్చాయి.

తిండి విషయంలో అసలు సంగతి ఉప్పు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు మించకూడదు. ఊరగాయ, ఎండుచేపలు, ఉప్పు పట్టించిన ఎండు తునకలు తగ్గించాలి. కానీ 'మాంసం పూర్తిగా మానేయ్' అని అందరికీ ఒకే మాట చెప్పడం సరికాదు. నెఫ్రోటిక్ రోగికి కిలో బరువుకు 0.8 నుంచి 1 గ్రాము ప్రొటీన్ కావాలని కేడీగో అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గొడ్డు మాంసమో, కోడిగుడ్డో, పప్పో, ఆ కొలతలో తినొచ్చు. కూలి మనిషికి చవకగా దొరికే ప్రొటీన్‌ను తిండి మీద చిన్నచూపుతో మాన్పించడం వైద్యం అనిపించుకోదు.

ఈ పునాది మీద జబ్బును బట్టి మందు మారుతుంది.

మినిమల్ చేంజ్, ఎఫ్‌ఎస్‌జీఎస్ రోగులకు స్టెరాయిడ్ పడకపోతే టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్ ఇస్తారు. బ్రిటన్‌లో మినిమల్ చేంజ్ ఉన్న 50 మంది పెద్దవాళ్లలో సగంమందికి టాక్రోలిమస్ ఒక్కటే, సగంమందికి ప్రెడ్నిసొలోన్ ఇచ్చి చూశారు. ఎనిమిది వారాలకు స్టెరాయిడ్ కొంచెం ముందున్నా, ఆరు నెలలకు టాక్రోలిమస్‌తో 88 శాతం, స్టెరాయిడ్‌తో 92 శాతం మంది పూర్తిగా తేరుకున్నారు. అయితే టాక్రోలిమస్ మోతాదు మించితే కిడ్నీనే దెబ్బతీస్తుంది, షుగర్, బీపీ పెంచుతుంది. అందుకే రక్తంలో మందు స్థాయిని తరచూ పరీక్షించాలి. టీబీ మందు రిఫాంపిసిన్ తోడైతే టాక్రోలిమస్ స్థాయి పడిపోతుంది. రిఫాంపిసిన్ ఆపగానే ఎగబాకుతుంది. టీబీ డాక్టర్, కిడ్నీ డాక్టర్ ఒకరి చీటీ ఒకరు చూడకపోతే రోగి మధ్యలో నలిగిపోతాడు.

మెంబ్రేనస్ నెఫ్రోపతీకి స్టెరాయిడ్ ఒక్కటే ఇవ్వడం అసలు వైద్యమే కాదు. ఈ రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి పునాది వైద్యంతోనే జబ్బు తనంతట తగ్గుతుంది. అందుకే ప్రమాదం తక్కువున్నవాళ్లను కొన్ని నెలలు గమనిస్తూ ఆగుతారు. మందు అవసరమైనవాళ్లకు రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఉంది. అమెరికా, కెనడాల్లో 130 మంది మీద జరిగిన 'మెంటార్' ట్రయల్‌లో రెండేళ్ల తర్వాత రిటుక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో 60 శాతం, సైక్లోస్పోరిన్ తీసుకున్నవాళ్లలో 20 శాతం మంది మెరుగ్గా ఉన్నారు. రెండింటిలోనూ స్టెరాయిడ్ లేదు. రిటుక్సిమాబ్ ఇచ్చే ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. లేకపోతే నిద్రాణంగా ఉన్న వైరస్ లేచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఐజీఏ నెఫ్రోపతీలో చాలామందికి పునాది వైద్యమే ప్రధానం. షుగర్, ఊబకాయం, నిద్రాణ టీబీ, హెపటైటిస్, కడుపు పుండు లాంటివి ఉంటేనో, కిడ్నీ పనితీరు 30 కంటే తగ్గితేనో స్టెరాయిడ్ మానుకోవాలని 2021 కేడీగో మార్గదర్శకాలు చెప్పాయి.

పిల్లల్లో మొదటిసారి వచ్చిన నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు స్టెరాయిడే సరైన మందు, దానికి తల్లిదండ్రులు భయపడక్కర్లేదు. పదేపదే తిరగబెట్టే పిల్లలకు డోసు తగ్గించడానికి లెవామిసోల్, మైకోఫెనొలేట్, టాక్రోలిమస్, రిటుక్సిమాబ్ ఉన్నాయి. కోల్‌కతాలోని ఎన్‌ఆర్‌ఎస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో స్టెరాయిడ్ మీద ఆధారపడిన 120 మంది పిల్లల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. ఏడాదిపాటు జబ్బు తిరగబెట్టనివాళ్లు రిటుక్సిమాబ్ వైపు 90 శాతం, టాక్రోలిమస్ వైపు 63 శాతం. పేద పిల్లలు వచ్చే సర్కారు దవాఖానాలోనే ఈ వైద్యం సాధ్యమని ఆ పరిశోధన నిరూపించింది.

వీటిలో ఏదీ ప్రమాదం లేని మందు కాదు. సైక్లోఫాస్ఫమైడ్ పాతది, చవకైనది, కానీ పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీయవచ్చు, తెల్లకణాల లెక్క తరచూ చూడాలి. మైకోఫెనొలేట్ గర్భంలో శిశువుకు హాని చేస్తుంది. పెళ్లీడు అమ్మాయికో, బిడ్డ కావాలనుకునే మహిళకో ఈ సంగతి ముందే తెలుగులో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇవన్నీ రోగనిరోధక శక్తిని తగ్గించేవే కాబట్టి టీబీ చురుగ్గా ఉన్నప్పుడు ముందు టీబీ మందులు మొదలుపెట్టాలి.

స్టెరాయిడ్ తప్పని చోట

కొన్ని జబ్బుల్లో కిడ్నీ రోజుల్లో, వారాల్లో పోతుంది. క్రియాటినిన్ వారంవారం పెరిగిపోతూ, మూత్రం ఎర్రగా వస్తూ ఉంటే అది వేగంగా ముదిరే గ్లోమెరులో నెఫ్రైటిస్ కావచ్చు. తీవ్రమైన లూపస్ కూడా అంతే. అక్కడ స్టెరాయిడ్ పూర్తిగా వద్దంటే కిడ్నీయే కాదు, మనిషే దక్కకపోవచ్చు. షుగర్ ఉంటే ఇన్సులిన్ ఇస్తూ, టీబీ ఉంటే టీబీ మందులు నడుపుతూ, తక్కువ రోజులు, తక్కువ డోసులో స్టెరాయిడ్ ఇచ్చి, మిగతా భారాన్ని మైకోఫెనొలేట్, రిటుక్సిమాబ్ లాంటి మందుల మీదికి మారుస్తారు. లండన్‌లో 50 మంది లూపస్ రోగులకు మొదట్లో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తప్ప నోటి మాత్రలు లేకుండా, రిటుక్సిమాబ్, మైకోఫెనొలేట్‌తో వైద్యం చేసి చూశారు. 90 శాతం మందికి జబ్బు పూర్తిగానో, పాక్షికంగానో అదుపులోకి వచ్చింది. కాబట్టి 'పడదు' అన్న మాటకు 'ఎంత డోసు పడదు, ఎన్నాళ్లు పడదు' అన్న ప్రశ్న కూడా ఉంది.

దారి ఎక్కడ మూసుకుపోతోంది?

టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, రిటుక్సిమాబ్ మూడూ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ప్రపంచంలో తొలి రిటుక్సిమాబ్ బయోసిమిలర్‌ను 2007లో మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్. మందు తయారయ్యే నగరం పక్క జిల్లాలోని రోగికి ఆ మందు పేరు కూడా తెలియదు.

కారణం మన ఆరోగ్య పథకాల నిర్మాణంలో ఉంది. ఆరోగ్యశ్రీ మొదలైంది కూడా 2007లోనే. అదైనా, ఆయుష్మాన్ భారత్ అయినా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్లకు ప్యాకేజీల లెక్కన డబ్బు కట్టే పథకాలు. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాత మందులు 15 రోజుల వరకే. నెఫ్రోటిక్ సిండ్రోమ్ వైద్యం మాత్రం ఇంటి దగ్గర ఏడాది, రెండేళ్లు నడుస్తుంది. నెలనెలా మాత్రలు, రక్తంలో మందు స్థాయి పరీక్ష, బస్సు చార్జీ, పోయిన కూలి, ఇవేవీ ప్యాకేజీలో ఇమడవు. అప్పు చేసి మూడు నెలలు వాడి ఆపేస్తారు. జబ్బు తిరగబెడుతుంది. కిడ్నీ పూర్తిగా పోయాక 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద ఉచితంగా డయాలసిస్ మంచం దొరుకుతుంది. ఆ మంచం ఎవరూ తక్కువ చేయకూడని హక్కు. కానీ కిడ్నీని కాపాడే మాత్రకు డబ్బు పెట్టని ప్రభుత్వం, కిడ్నీ పోయాక వారానికి రెండు మూడు సార్లు జీవితాంతం డబ్బు పెడుతోంది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లిస్తున్నది రోగి, అతని మీద ఆధారపడిన ఇల్లు.

రోగి అడగాల్సినవి, మనం అడగాల్సినవి

రోగితో పాటు ఆసుపత్రికి వెళ్లే కార్యకర్త ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లాలి:

- జబ్బు పేరు ఏమిటి? బయాప్సీ అయిందా? రిపోర్టు కాపీ ఇస్తారా?
- స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్-బి, షుగర్ పరీక్షలు చేశారా? నులిపురుగు మందు ఇచ్చారా?
- స్టెరాయిడ్ 'పడదు' అంటే ప్రమాదమా, దుష్ఫలితమా, ఆధారపడటమా, పనిచేయకపోవడమా?
- బదులు మందు ఏది? దాని పరీక్షలు ఎక్కడ, ఎన్నాళ్లకోసారి?
- మహిళలకు: ఈ మందుతో గర్భం దాల్చవచ్చా?
- వాడుతున్న నొప్పి మాత్రలు, నాటు మందులు, ముఖం క్రీములు డాక్టర్‌కు చెప్పామా?

రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య నైతిక నియమావళి చెబుతోంది. ఆ కాగితాలు ఇప్పించడం మనం చేయగల మొదటి సాయం. నెఫ్రోటిక్ రోగి ఇంట్లో మూత్రం పరీక్షించే డిప్‌స్టిక్ ఉంచుకుని రోజూ ఫలితం నోటుపుస్తకంలో రాసుకుంటే, జబ్బు తిరగబెట్టడం వాపు రాకముందే తెలుస్తుంది. చదువుకుంటున్న పిల్లలు ఇంట్లో ఈ పని సులువుగా చేయగలరు.

సంఘాలుగా అడగాల్సినవి ఇంకా పెద్దవి. ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో కిడ్నీ బయాప్సీ, దాన్ని చదివే పాథాలజీ సదుపాయం ఉండాలి. టాక్రోలిమస్ స్థాయి, పీఎల్‌ఏ2ఆర్ పరీక్షలు ఉచితంగా చేయాలి. ఓపీ రోగులకు నెలనెలా ఈ మందులు ఆసుపత్రి ఫార్మసీలోనే ఇవ్వాలి. తమ జిల్లాలో వీటిలో ఏవి ఉన్నాయో, గత ఏడాది ఎన్ని బయాప్సీలు చేశారో, ఏ మందు ఎన్నాళ్లు స్టాకు లేదో సమాచార హక్కు చట్టం కింద విద్యార్థులు అడగవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో పోరాడి సాధించుకున్న ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం మన వాటా డబ్బు మన మీదే ఖర్చు పెట్టాలని చెబుతున్నాయి. ఆ నిధుల ఖర్చుల పట్టికలో కిడ్నీ రోగి మందులు, ప్రయాణ ఖర్చులు ఎక్కడున్నాయని అడిగే హక్కు మనకుంది.

ఊరికొచ్చిన రోగి చేతిలో 'స్టెరాయిడ్ పడదు' అన్న చీటీ కనిపిస్తే దాన్ని పక్కన పెట్టనివ్వకండి. కొత్త చీటీ కోసం అతనితో పాటు మళ్లీ పెద్దాసుపత్రికి వెళ్లండి, పై ప్రశ్నలు చేతిలో పట్టుకుని.